తవిటయ్య గోరు

తవిటయ్య చెయ్యి వణికేది.

ముసలివాళ్ళ చేతులు వణుకుతాయి, తప్పేం లేదు. మాఘమాసంలో పొద్దున్నే ఏట్లో మునిగినవాళ్ళ చేతులు వణుకుతాయి, అదీ తప్పు కాదు. తవిటయ్య అటు ముసలివాడూ కాదు, ఇటు పొద్దున్నే స్నానం చేసే రకమూ కాదు. పైగా ఆ చేతిని నమ్ముకుని బతికినవాడు. కాగితం ఇంకా ఊళ్ళల్లోకి రాని ఆ రోజుల్లో, నాగావళికి ఇటు పక్క ఎవరు తాటాకు మీద ఏం రాయించుకోవాలన్నా తవిటయ్యే దిక్కు. జాతకమైనా, వైద్యమైనా, భజన కీర్తనలైనా అతను గంటంతో గీసి మసి పూసి ఇస్తే, చదువురానివాళ్ళు కూడా కాసేపు చేతిలో పట్టుకుని చూసుకునేవారు.

అదంతా ఒకప్పటి మాట. మొదట్లో పని అయ్యాక కల్లు తాగేవాడు. కొన్నాళ్ళకు పనికి ముందు తాగాడు. ఆ తరవాత పనే మానేసి తాగాడు. ఇప్పుడు గంటం పట్టుకుంటే ఇనప మొన ఆకు మీద దారి తప్పిన చీమలా తిరుగుతోంది.

అయినా చెయ్యి పోయిందని కాదు అతని ఏడుపు. అమ్మ పాట పోతోందని.

అతని తల్లి సూరమ్మకు ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. అందుకని ఇతను పుట్టగానే చాటలో పడుకోబెట్టి, చాటెడు తవుడుకి పొరుగింటామెకు అమ్మేసి, ఆ తవుడే తిరిగిచ్చి కొనుక్కుంది. అలా చేస్తే చావు ఆ బిడ్డ మన బిడ్డ కాదనుకుని పక్కకి పోతుందని ఆ వైపు నమ్మకం. తవిటయ్య అన్న పేరు అలా వచ్చింది. సూరమ్మ వడ్లు దంచుతూ పాటలు పాడేది. అందులో ఒకటి ఆమెకు తన అమ్మమ్మ నుంచి వచ్చింది. అత్తవారింటి నుంచి పుట్టింటికి బయల్దేరిన పిల్ల ఏటి ఒడ్డున నిలబడి, ఏటినే దారి అడిగే పాట. చివరి చరణంలో ఏరు ఆ పిల్లకు జవాబు చెబుతుంది. ఆ పాట వచ్చినవాళ్ళు సూరమ్మ తప్ప ఎవరూ మిగల్లేదు.

"అందరి మాటలూ ఆకుకి ఎక్కిస్తావు. నా పాట ఒక్కటి ఎక్కించరా నాయనా" అనేది.

"రేపు రాస్తానే అమ్మా" అనేవాడు తవిటయ్య. తాగినవాడి మాట తెల్లారితే సరి.

పోయే ముందు మంచం మీద పడుకుని ఆమె ఆ పాట మొదటి నుంచి చివరిదాకా కొడుక్కి పాడి వినిపించింది. కొడుకు మంచం పక్కనే ఉన్నాడు, కానీ గోడకు జారగిలబడి తూలుతూ ఉన్నాడు. మర్నాడు ఆమె లేదు. దినవారాలు గడిచి కాస్త తెలివి వచ్చాక గుర్తు చేసుకుంటే, పాటలో అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తప్ప మిగల్లేదు. ఆ ముక్కలు కూడా ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. తవిటయ్యకు నిజంగా భయం వేసింది.

ఆ భయంతోనే ఏటి పక్కనున్న కూర్మదాసు గారి మఠానికి వచ్చాడు.

మఠమంటే పెద్దదేం కాదు. రెండు పాకలు, ఒక తులసికోట, గోడకు ఆనించిన తాళపత్రాల పెట్టె ఒకటి. దాసుగారు మధ్యవయసులోనే ఇల్లు వదిలి వచ్చి, పాత గ్రంథాలకు నకళ్ళు రాసుకుంటూ ఉండిపోయిన మనిషి. మఠంలో వంట, దంపుడు, పెత్తనం అన్నీ అచ్చియ్యమ్మవి. తవిటయ్య వచ్చేసరికి దాసుగారు అరుగు మీద ఎండలో కూర్చుని గంటం మొనకు సాన పడుతున్నారు.

"నా చెయ్యి నాకు తిరిగి రావాలి గురువుగారూ. అమ్మ పాట మొత్తం మరిచిపోకముందే రాసుకోవాలి" అన్నాడు తవిటయ్య, సంగతంతా చెప్పి.

"సేతులు కాలినాక ఆకులు పట్టుకోడానికి వొచ్చినాడు" అని చాట చెరుగుతూ గొణిగింది అచ్చియ్యమ్మ.

"పట్టుకోనీ అచ్చియ్యమ్మా. కాలకముందు ఎవరు పట్టుకుంటారు?" అన్నారు దాసుగారు. తరవాత తవిటయ్య వైపు తిరిగారు. "నీ పేరేమిటి?"

"తవిటయ్యండి."

"అయితే మీ అమ్మ తవుడిచ్చి కొనుక్కుందన్నమాట."

"అవునండి."

"మరి కల్లుకి ఎవరు అమ్మేశారు?"

తవిటయ్య తల వంచుకుని వణికే కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. దాసుగారు దాని వంక చూడలేదు.

"అది కాదు. రెండోది."

తవిటయ్య ఎడమచెయ్యి చాపాడు. దాసుగారు ఆ బొటనవేలు పట్టుకుని ఎండలోకి తిప్పారు. గోరు మొదలంటా కొరికేసి ఉంది. కొన్నిచోట్ల చర్మం లేచి ఎర్రగా ఉంది.

తాటాకు రాతగాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళు ఆకును ఎడమచేతిలో పట్టుకుంటారు. ఎడమ బొటనవేలి గోరు కాస్త పెంచి, దానికి కత్తిమొనతో చిన్న గాటు పెట్టుకుంటారు. గంటం ఆ గాటులో ఆనుతుంది. ఎంత గొప్ప రాతగాడైనా ఆ గాటు లేకపోతే గంటం జారిపోతుంది, ఆకు చిరిగిపోతుంది. కల్లు దొరకనప్పుడల్లా తవిటయ్య గోళ్ళు కొరికేవాడు. అలా కొరికి కొరికి తన పనిముట్టును తనే తినేశాడు. చెయ్యి వణుకుతోందన్న బెంగలో ఆ సంగతి గమనించనే లేదు.

"గంటం సంగతి తరవాత. ముందు గోరు పెంచు" అన్నారు దాసుగారు.

"గోరా అండీ?"

"గోరే."

మంత్రమో మందో ఇస్తారని కొండంత ఆశతో వస్తే, ఆయన గోరంత మాట చెప్పారు. తవిటయ్యకు లోపల కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. గోరు పెంచడం ఒక గొప్పా? చేతులు ఊరుకుంటే అదే పెరుగుతుంది కదా అనుకున్నాడు.

చేతులు ఊరుకుంటేనే కదా!

ఆ మఠంలో గడిచిన రోజులు ముసలితనంలో తలుచుకుంటే తవిటయ్యకు అంబలి వాసన ముందు వచ్చేది. తెల్లవారకముందే అచ్చియ్యమ్మ చెంబు పెట్టి తలుపు తట్టేది. ఏట్లో మునక. నీళ్ళు ఎముకల్లోకి వెళ్ళేవి. వచ్చి వాకిలి ఊడవడం, తులసికి నీళ్ళు పోయడం, తరవాత ఉల్లిపాయ నంజుకుని చోడంబలి, అంటే రాగి అంబలి. మొదట్లో ఆ అంబలి కడుపులో నిలిచేది కాదు. క్రమంగా నిలిచింది. క్రమంగా రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఆకలి అనే దాన్ని మరిచిపోయి ఎన్నాళ్ళయిందో అతనికే తెలీదు, అది మళ్ళీ వచ్చి పలకరించింది. ఇవన్నీ ఎవరూ అతనికి నేర్పలేదు. చెయ్యమన్నారు, చేశాడు.

పగలు బాగానే గడిచేది. పొద్దు వాలే వేళే కష్టం. ఏటికి అవతల తాటితోపులో కల్లు ముంతలు దిగే వేళ అది. గాలి ఇటు తిరిగితే పులిసిన వాసన మఠం దాకా వచ్చేది. తవిటయ్య ఒళ్ళంతా చెవులై, ఒళ్ళంతా ముక్కై కూర్చునేవాడు. ఎప్పుడు వెళ్ళేదో ఏమో, చూసేసరికి బొటనవేలు పళ్ళ మధ్య ఉండేది.

"ఏటి బాబూ, నా సోడంబలి సాలనేదేటి? గోళ్ళు కూడా తింటన్నావు!" అనేది అచ్చియ్యమ్మ.

రోజూ పొద్దున దాసుగారు ఆ వేలు చూసేవారు. ఆ చూపుకంటే నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించేది.

ఒకరోజు తవిటయ్యే అడిగాడు. "వేలికి వేపనూనె రాసుకుంటానండి. చేదు తగిలితే మానతానేమో."

దాసుగారు నవ్వారు. "చేదు చూసి ఆగేవాడివైతే ఇక్కడిదాకా ఎందుకు వస్తావురా?"

ఆ సాయంత్రం ముంతలు దిగే వేళకు ఆయన అతన్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళారు. తడి ఇసుకలో కూర్చోబెట్టి, అతని రెండు చేతులూ మణికట్టు దాకా ఇసుకలో దూర్చారు. తీసేసరికి వేళ్ళ నిండా ఇసుక అంటుకుని ఉంది. ఆ చేతిని నోట్లో పెట్టుకునేవాడు ఎవడూ ఉండడు.

"రాయి" అన్నారు.

"ఏం రాయమంటారు?"

"ఏది కొరుకుతోందో అది."

"చదివేదెవరండీ?"

"ఏరు ఉంది కదా."

ఆయన వెళ్ళిపోయారు. చిన్నప్పుడు వీధిబడిలో పంతులుగారు వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించినప్పటిలా ఉంది తవిటయ్యకు. కాకపోతే ఇప్పుడు వేలు పట్టుకునేవాళ్ళు లేరు. చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. చివరికి చూపుడువేలితో 'కల్లు' అని రాశాడు. ఇసుక మీద పెద్ద అక్షరం కాబట్టి వణుకు పెద్దగా కనబడలేదు. పక్కన 'దాహం' అని రాశాడు. దాని కింద పోలయ్య మావ పేరు రాశాడు. పోలయ్య అంటే తోపులో కల్లు గీసేవాడు. ఆ తరవాత 'అమ్మ' అని రాసి, రాసిన చెయ్యి ఆడక, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు కూడా వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. కోపం వచ్చిన రోజు కోపం రాశాడు, ఎవరి మీదో పేర్లతో సహా. తల్లికి చెప్పని మాటలు రాశాడు. కొన్ని అక్షరాలు గాలికి పూడిపోయేవి, కొన్నిటిని రాత్రి పెరిగిన నీరు తీసుకుపోయేది. రాసి లేచేసరికి తోపులో ముంతలు దిగడం అయిపోయి, చీకటి పడి, ఆకలి వేసేది.

"రాసినవన్నీ పోతున్నాయి గురువుగారూ. పొద్దున్న చూస్తే ఒక్క అక్షరం ఉండదు. ఇంత రాత ఎందుకండీ?" అన్నాడు ఒకరోజు. ఎంత కాదన్నా రాతగాడు కదా, మిగలని రాత అంటే అతనికి బాధ.

"నిన్న తాగిన అంబలి ఏదిరా?"

"ఏదంటే... లేదండి."

"అయితే ఇవాళ మానేస్తావా?"

తవిటయ్య నవ్వుకుంటూ ఏటివైపు నడిచాడు.

అలా రాస్తుండగానే పాట ముక్కలు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ఇసుకలో ఏదో రాస్తుంటే, మఠం వాకిట్లో అచ్చియ్యమ్మ రోకలి పోటు వినపడేది. ఆ పోటుకు తల ఊగేది, తల ఊగుతుంటే అమ్మ గొంతు, గాజుల చప్పుడు, ఆమె ఊపిరి పీల్చుకునే చోటు, ఆ వెనకే ఒక చరణం. ఇసుక మీద రాసుకుని, పైకి అనుకుంటూ మఠానికి వచ్చేవాడు. తప్పిపోయిన మేకలు ఒక్కొక్కటీ ఇంటికి వస్తున్నట్టు సంబరపడేవాడు. చివరి చరణం మాత్రం రాలేదు.

గోరు కూడా పెరిగింది. ఇక గాటు పెట్టొచ్చు అనుకుంటుండగా తల్లి సంవత్సరీకం తిథి వచ్చింది. ఆ రోజు ఇసుక దగ్గరికి వెళ్ళలేదు. పాకలో మూలన కూర్చుని గోరంతా కొరికేశాడు. నెత్తురు కారేదాకా కొరికాడు. మర్నాడు పొద్దున వేలు చూపించడానికి మొహం చెల్లక, చెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డాడు.

దాసుగారు తనే ఆ చెయ్యి ముందుకు లాగి చూశారు. "నొప్పిగా ఉందా?"

"ఉందండి."

"మళ్ళీ వస్తుందిలే. గోరుకి కోపం ఉండదు" అన్నారు.

తవిటయ్య అన్నాళ్ళూ ఆయన ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాడు. ఆ మాట అతనికి జన్మంతా గుర్తుండిపోయింది. ఎప్పుడు ఎక్కడ కాలు జారినా, తన మీద తనకే రోత పుట్టినా, గోరుకి కోపం ఉండదు అని పైకే అనుకునేవాడు.

గోరు మళ్ళీ వచ్చింది. ఈసారి నిలిచింది. వానలు వెనకబట్టిన ఒక పొద్దున తవిటయ్య బొటనవేలు ఎత్తి పట్టుకుని, పెళ్ళికొడుకులా దాసుగారి ముందుకు వచ్చాడు.

"బాగుంది. ఆకేది?" అన్నారాయన.

రాతకు పనికొచ్చే ఆకు తాటిచెట్టు మొవ్వులో ఉంటుంది. ఇంకా పూర్తిగా విచ్చుకోని లేతాకు. అది కావాలంటే తోపులోకి వెళ్ళాలి, పోలయ్య ఎక్కి కొయ్యాలి. తవిటయ్యకు ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఏం చేశాడంటే, తోపును చుట్టి దూరంగా తిరిగి వెళ్ళి, పక్క ఊళ్ళో ఎవరో పశువులపాక కప్పుకుంటుంటే, వాళ్ళను అడిగి నాలుగు ఆకులు తెచ్చాడు. ముదురాకులు, ఎండినవి.

దాసుగారు ఒకటి తీసుకుని రెండు వేళ్ళతో వంచారు. అది టప్పున విరిగింది.

"పశువులపాకకి బాగుంటుంది" అన్నారు.

"తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు గురువుగారూ. నన్ను ఆ తోపులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ?"

"ఎవరు చూస్తారని నీ భయం?"

తవిటయ్య కాళ్ళ కింద మట్టిని కాలి బొటనవేలితో గీశాడు.

"ముంత చూస్తుందండి" అన్నాడు చివరికి, మెల్లగా.

"ముంత ఎక్కడుంటుంది?"

"చెట్టుకి."

"ఆకో?"

"అదే చెట్టుకండి."

దాసుగారు తన గంటం తీసుకుని తన నకలు రాసుకోవడంలో పడిపోయారు. తవిటయ్య ఏరు దాటాడు.

తోపు మారలేదు. కింద రాలిన ఎండు కమ్మలు, వాటి మీద పాకే ఎర్రచీమలు, పులుపు వాసన, అన్నీ అలాగే ఉన్నాయి. తను జారగిలబడే చెట్టు కూడా అక్కడే ఉంది. పోలయ్య అప్పుడే ఒక చెట్టు దిగి నడుముకు కట్టుకున్న మోకు విప్పుతున్నాడు. తవిటయ్యను చూసి నోరంతా తెరిచి నవ్వాడు.

"ఓర్నీ తవిటయ్యా! సచ్చిపోనావేటో అనుకున్నానురా. మీ యమ్మ పోనాక ఇటు తొంగి సూడనేదు."

"మొవ్వాకు కావాలి మావా. అమ్మ పాట రాసుకోడానికి."

"రాతా! మళ్ళీ రాస్తన్నావేటి? ఆగు, ఆగు." పోలయ్య మళ్ళీ మోకు బిగించి చెట్టెక్కాడు. చూస్తుండగానే లేతాకులు కింద పడ్డాయి. దిగేటప్పుడు చేతిలో ముంత కూడా తెచ్చాడు.

పోలయ్య చెడ్డవాడు కాడు. ఇంటికి వచ్చినవాడికి మజ్జిగ ఇచ్చినట్టు అతను కల్లు ఇస్తాడు, అంతే. కింద పడ్డ ఆకుల్లోంచే వెడల్పాటి ముక్క ఒకటి కోసి, అలవాటైన చేత్తో మడిచి దోనెలా రేక కట్టాడు. నురుగు పొంగేలా పోసి తవిటయ్య చేతుల్లో పెట్టాడు.

"తాగు. మీ యమ్మ పేరు సెప్పి తాగు."

తవిటయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు వణికి, అంచు మీంచి కాస్త ఒలికి మణికట్టు మీద పడింది. ఆ తడి, ఆ వాసన, ఎంత బాగున్నాయో! నోట్లో నీరూరింది. కాదని ఎవరితోనూ అబద్ధం చెప్పలేం. పోలయ్య అటు తిరిగి మోకు చుట్టుకుంటున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. రేక పెదాల దగ్గరిదాకా వెళ్ళింది.

అప్పుడు రేక అంచు మీద తన ఎడమ బొటనవేలు కనబడింది. ఇన్నాళ్ళు పెంచిన గోరు. ఉండాల్సిన చోటే ఉంది, లేత తాటాకు మీద. ఆ ఆకులో మాత్రం కల్లుంది.

తవిటయ్య వంగి, కల్లంతా చెట్టు మొదట్లో పోసేశాడు.

"ఓరోరి! ఏటి పనిరా అది?" అని కేక వేశాడు పోలయ్య.

"ఆకుకొచ్చినాను మావా" అన్నాడు తవిటయ్య. రేక మడత విప్పి, చేత్తో సాపు చేసి, మిగతా ఆకులతో పాటు కట్ట కట్టాడు.

పోలయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. కోపం వచ్చినట్టే వచ్చి పోయింది. "మీ యమ్మ పాటా? ఏటిని తోవడిగే పాట? నా పెళ్లిలో పాడింది. సివరేటో నాకు గుర్తునేదు" అని, కోసి ఉన్న ఇంకో ఆకును కూడా కట్ట మీద వేశాడు.

తిరుగుదారిలో ఏరు దాటుతూ తవిటయ్య నడుములోతు నీళ్ళలో ఆగి, కట్టను నెత్తిన పెట్టుకుని, కారణం లేకుండా పెద్దగా నవ్వాడు. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు తాగి ఉన్నాడనే అనుకుని ఉంటారు.

మఠంలో ఆ ఆకుల్ని పసుపు నీళ్ళలో ఉడకబెట్టారు. నీడలో ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, ఒక్క కొలతకు కోశారు. ఉడికే తాటాకు వాసన, పసుపు వాసన కలిసి రెండు పాకల్లోనూ నిండిపోయాయి. రేకగా మడిచిన ముక్కలోంచి వచ్చిన ఆకు మీద మాత్రం మడత అలాగే ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

"ఇది పనికిరాదండి. పారేస్తాను" అన్నాడు తవిటయ్య.

"ఏమైంది దానికి?"

తవిటయ్య తోపులో జరిగిందంతా చెప్పాడు. నోరూరిన సంగతి కూడా దాచలేదు. దాసుగారు ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఏమనుకున్నారో, దాన్ని మిగతా ఆకులన్నిటికీ అడుగున పెట్టారు. తరవాత తన చిన్న కత్తి తీసి, తవిటయ్య ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోటికి గాటు పెట్టారు. పెడుతున్నంతసేపూ తవిటయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఉపనయనానికి కూర్చున్న పిల్లవాణ్ణి చూసినట్టు చూసి, అచ్చియ్యమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మొదటిరోజు కుడిచెయ్యి ఇంకా వణికింది.

"గంటాన్ని నడపకు. ఆకును నడుపు" అన్నారు దాసుగారు. తవిటయ్యకు చిన్నప్పుడే తెలిసిన సంగతి అది. గంటం గాటులో నిలబడి ఉంటుంది, ఎడమచెయ్యి ఆకును మెల్లగా జరుపుతుంది. తెలిసిన సంగతే మళ్ళీ ఒకరు చెబితే విని, అలాగే చేశాడు. అక్షరం కుదురుకుంది.

రోజూ తెల్లవారి ఏట్లో మునిగి, అంబలి తాగి, అరుగు మీద ఎండలో కూర్చుని రాశాడు. సాయంత్రం ఇసుకలో రాత మానలేదు. అది ఏటికి, ఇది ఆకుకి. పాట నడిచింది. పిల్ల అత్తవారి గుమ్మం దాటింది, చింతతోపు దాటింది, ఏటి ఒడ్డుకు వచ్చింది. ఆకులు ఒక్కొక్కటే అయిపోయి అడుగున ఉన్న మడత ఆకు మిగిలింది. దాని మీద రెండు పంక్తులు రాశాడు.

ఏరమ్మ ఏరమ్మ నీ లోతు ఎంత
మా యమ్మ గుమ్మానికి నా దారి ఎంత

అక్కడ గంటం ఆగిపోయింది. తరవాతది ఏరు చెప్పే జవాబు. మిగతా ఆకంతా ఖాళీగా ఉంది. తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు, రోకలి పోటు తలుచుకున్నాడు, అమ్మ గొంతు తలుచుకున్నాడు. మంచం గుర్తొచ్చింది, ఆమె పెదాలు కదలడం గుర్తొచ్చింది. మాట మాత్రం లేదు.

ఆకు తీసుకుని దాసుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏరు ఏం చెప్పిందో నాకు తెలీదు గురువుగారూ. అమ్మ చెప్పింది. నేను వినలేదు." ఇంక ఆపుకోలేకపోయాడు. "మీరు కవిత్వం తెలిసినవారు. ఈ ఒక్క చరణం మీరు పూరించండి. లేకపోతే ఇదంతా ఎందుకు?"

ఆ ఆకుల కట్ట తవిటయ్య దగ్గర చివరిదాకా ఉంది. దాసుగారు పోయాక, అచ్చియ్యమ్మ కూడా పోయాక, అదే అరుగు మీద తను కూర్చుని, వణికే చేతులతో వచ్చినవాళ్ళ ఎడమచెయ్యి చూసే వయసు వచ్చాక కూడా, సాయంత్రాలు ఆ కట్ట విప్పుకునేవాడు. చూపు మందగించింది కాబట్టి చదివేవాడు కాదు. చివరి ఆకు తీసి దాని మీద బొటనవేలు నడిపేవాడు. పసుపు వాసన ఎప్పుడో పోయినా అతనికి వచ్చేది. అమ్మ గుర్తొచ్చేది, ఆమె వెంటే దాసుగారూ గుర్తొచ్చేవారు.

ఆ రోజు దాసుగారు చరణం చెప్పలేదు. ఆముదం దీపం మసి ఉన్న చిప్ప దగ్గరికి లాక్కుని, ఆకుపసరు కలిపి, ఆకంతా మసి పూశారు. రాసిన చోటా పూశారు, ఖాళీగా ఉన్న చోటా పూశారు. కాసేపు ఆగి, గుడ్డతో తుడిచారు. గీసిన అక్షరాల్లో నలుపు నిలిచి, రెండు పంక్తులూ తేటగా పైకి వచ్చాయి. వాటి కింద, ఖాళీ చోటులో, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక నల్లటి గీత కూడా తేలింది. తాగకుండా విప్పేసిన రేక మడత.

తవిటయ్య గుడ్డ తీసుకుని గబగబా ఆ గీతను రుద్దబోయాడు.

దాసుగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"తుడవకురా. అన్నిటికంటే ముందు నువ్వు రాసింది అదే."